కోట లేదు, దెయ్యం లేదు: మరి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ గోథిక్ నవల ఎలా అయింది?

ప్రశ్న: బి.ఏ. చివరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మాకు టెక్స్టు. గైడులో గోథిక్ లక్షణాలంటూ పాడుబడ్డ కోట, దెయ్యం, చీకటి, తుఫాను, ఆపదలో పడ్డ స్త్రీ అని ఎనిమిది పాయింట్లు ఇచ్చారు. ఇంటర్నల్ పరీక్షలో అవే రాస్తే ఇరవైకి ఏడు వేసి, ‘టెక్స్టు చదివినట్టు లేదు’ అని రాశారు. నవల తెరిచి చూస్తే అందులో కోటా లేదు, దెయ్యమూ లేదు. మొదట్లో ఆ ఉత్తరాలు ఎందుకున్నాయో అర్థం కాలేదు. ఇంకో ఆరు వారాల్లో పరీక్ష. ఎలా చదవాలి? సినిమా చూసేస్తే సరిపోతుందని ఫ్రెండు అంటోంది, నిజమేనా?

సమాధానం: మీ గైడు జాబితాలో తప్పేమీ లేదు. కాకపోతే అది వేరే పుస్తకం జాబితా. హొరేస్ వాల్‌పోల్ 1764 చివర్లో వెలువరించిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’కి అది అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. 1765లో వచ్చిన రెండో కూర్పుకి ఆయనే ‘గోథిక్ కథ’ అని ఉపశీర్షిక పెట్టాడు. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు కోటలు, సొరంగాలు, కదిలే బొమ్మలు ఇంగ్లిష్ పాఠకులకి కంఠతా వచ్చేశాయి. మేరీ షెల్లీ నవల అచ్చయింది 1818 జనవరి 1న. అప్పటికే పాతబడిన ఆ సామానంతా ఆమె బయట పడేసింది, అది చేసే పనిని మాత్రం అట్టే పెట్టుకుంది. కాబట్టి మీరు కోట ఎక్కడుందని వెతకొద్దు. కోట చేసే పని ఇక్కడ దేనిచేత చేయించారో చూడండి.

ఒక ఉదాహరణ చెప్తాను. పాత గోథిక్ కథల్లో కోట ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. ఒక మనిషిని లోకం నుంచి విడదీస్తుంది, పెద్దలు చేసిన పాపాన్ని దాచిపెట్టి పిల్లల నెత్తిన పడేస్తుంది. నాలుగో అధ్యాయంలో, ఒక ప్రాణిని తయారుచేసి దానికి ప్రాణం పోయబోతున్న విద్యార్థి విక్టర్ పనిచేసే గది చూడండి: ఇంగోల్‌స్టాట్‌లో ఇంటి పై అంతస్తున, మిగతా గదులకి దూరంగా, మధ్యలో ఒక వసారా, మెట్లు. దాన్ని ‘గది అనడం కంటే కొట్టు అనాలి’ అన్నట్టుగా చెప్తాడు. అదే ఇక్కడి కోట. తేడా ఏమిటంటే లోపలున్నది ఎవరో దుర్మార్గుడు బంధించిన కన్య కాదు, తనంతట తానే తలుపు వేసుకున్న విద్యార్థి. రెండో పని కూడా ఇక్కడ ఉంది: కన్నవాడిలా చూసుకోవలసినవాడు చేసిన తప్పు, పుట్టినవాడి మీద పడటం. ఇలా రాస్తే మార్కులు వస్తాయి, ‘నవలలో చీకటి గది ఉంది’ అంటే రావు. నిజం చెప్పాలంటే శిథిలమైన కోటలు కూడా నవలలో ఒకచోట ఉన్నాయి, 18వ అధ్యాయంలో రైన్ నది మీద పడవ ప్రయాణంలో. పడవలోంచి చూసి ముందుకి వెళ్లిపోతారు, అంతే. అరువు సామానుని రచయిత్రి ఎలా వాడిందో చెప్పడానికి ఆ ఒక్క వాక్యమే చాలు.

ఇక ఉత్తరాల సంగతి. మీ పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చేది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే.

ఈ నవలని ముగ్గురు చెప్తారు. ఉత్తర ధ్రువం వైపు ఓడలో వెళ్తున్న రాబర్ట్ వాల్టన్, ఇంగ్లండ్‌లో ఉన్న తన అక్క మార్గరెట్ సావిల్‌కి ఉత్తరాలు రాస్తాడు. మంచులో దొరికిన విక్టర్ తన కథ వాల్టన్‌కి చెప్తాడు. ఆ కథ మధ్యలో, 11 నుంచి 16 అధ్యాయాల దాకా, విక్టర్ ప్రాణం పోసిన ప్రాణి తన కథ విక్టర్‌కి చెప్తుంది. దాని లోపల మళ్లీ, అది దాక్కుని గమనించిన డి లాసీ కుటుంబం కథ ఉంది, 14వ అధ్యాయంలో. కథలో కథ, దానిలో ఇంకో కథ మనకి కొత్త కాదు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో కథలు ఒకదానిలో ఒకటి ఎలా ముడిపడతాయో డిగ్రీ తెలుగులో విని ఉంటారు. అక్కడ ముడులు విప్పుకుంటూ పోతే పాఠకుడికి అన్నీ తేటపడతాయి. ఇక్కడ మాత్రం ఒక్కో పొర దాటేకొద్దీ అనుమానం పెరుగుతుంది.

ఎందుకంటే ఆ ప్రాణి మాట మనదాకా నేరుగా రాదు. అది విక్టర్‌తో చెప్పింది, విక్టర్ వాల్టన్‌తో చెప్పాడు, వాల్టన్ రాసుకున్నాడు. చివరి భాగంలో ఆగస్టు 26 తేదీ ఉన్న చోట ఒక చిన్న వాక్యం ఉంది, దాని కింద గీత పెట్టుకోండి: వాల్టన్ రాసుకున్న కాగితాల్ని విక్టర్ అడిగి తీసుకుని, చాలా చోట్ల తనే దిద్దాడు, చేర్చాడు, ముఖ్యంగా తన శత్రువుతో జరిగిన సంభాషణల్ని. అంటే ఆ ప్రాణి మాటలుగా మనం చదివేది దాన్ని ద్వేషించేవాడు దిద్దిన ప్రతి. అయినా ఆ అధ్యాయాలు చదివితే మనకి జాలి కలుగుతుంది. ఇలా ఎందుకు జరిగింది? ఈ ఒక్క ప్రశ్న మీదే పూర్తి ఎస్సే రాయొచ్చు.

నా ఉద్దేశంలో దీనికి జవాబు నవల నిండా పరుచుకుని ఉంది. ఇందులో కంటితో చూసినవాళ్లు భయపడతారు, చెవితో విన్నవాళ్లు జాలిపడతారు. పదో అధ్యాయంలో, మోంటాన్‌వేర్ దగ్గర మంచు మైదానం మీద, విక్టర్ ‘నా కళ్లముందు నుంచి పో’ అని అరుస్తాడు. ఆ ప్రాణి తన చేతులతో విక్టర్ కళ్లు మూసి, చూడక్కర్లేదు గానీ వినొచ్చు కదా అన్నట్టు మాట్లాడుతుంది. 15వ అధ్యాయంలో దానితో మర్యాదగా మాట్లాడినవాడు ముసలి డి లాసీ ఒక్కడే, ఆయనకి చూపు లేదు. కొడుకు ఫీలిక్స్ లోపలికి వచ్చి చూసిన క్షణమే కర్ర తీసుకుని కొడతాడు. చివర్లో వాల్టన్ దాని ముఖం చూడలేక అప్రయత్నంగా కళ్లు మూసుకుంటాడు, మూసుకున్నాకే దాని మాట వింటాడు. మనమూ అంతే, పుస్తకంలో దాన్ని చూడం, వింటాం. ఉత్తరాలు, ఒకరు చెప్పగా ఇంకొకరు వినడం, ఇదంతా కట్టింది ఈ పని కోసమే. ‘నెరేటివ్ టెక్నిక్’ ప్రశ్నకీ ‘గోథిక్’ ప్రశ్నకీ ఇదే జవాబు మూలం అవుతుంది. రెండింటికీ విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు.

చూపుకి సంబంధించిన రెండో సగం కిటికీలో ఉంది. నాలుగు చోట్లు చెప్తాను, పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఐదో అధ్యాయంలో ప్రాణం వచ్చిన రాత్రి, కిటికీ తలుపుల సందులోంచి పసుపుపచ్చని వెన్నెల పడుతుండగా, ఆ ప్రాణి విక్టర్ మంచం తెర ఎత్తి చూస్తుంది. 11వ అధ్యాయంలో అది దాక్కున్న కొట్టానికీ డి లాసీల ఇంటికీ మధ్య ఒకప్పటి కిటికీ ఉంది, చెక్కలతో మూసేశారు. ఆ చెక్కల మధ్య సన్నని సందులోంచి ఆ కుటుంబం భోజనం, పాట, చదువు అన్నీ చూస్తుంది. 20వ అధ్యాయంలో ఆర్క్నీ దీవి గుడిసెలో విక్టర్ రెండో ప్రాణిని, ఆడదాన్ని, తయారుచేస్తుంటే వెన్నెల్లో కిటికీ దగ్గర మొదటి ప్రాణి నిలబడి ఉంటుంది. 23వ అధ్యాయంలో ఎవియాన్ సత్రంలో, పెళ్లి రాత్రి, విక్టర్ భార్య ఎలిజబెత్ శవం మీద వెన్నెల పడుతుంది, తెరిచిన కిటికీలో మళ్లీ అదే ముఖం.

ఇప్పుడు ఒక చిన్న విషయం గమనించండి. ఐదు, ఇరవై, ఇరవైమూడు, ఈ మూడు చోట్లా దాని ముఖంలో నవ్వు లాంటిది కనబడిందని విక్టర్ అంటాడు, మూడుసార్లూ ఒకటే ఇంగ్లిష్ మాట, ‘గ్రిన్’. చివరి రెండుసార్లు అది వెక్కిరింపే అనుకుందాం. మొదటిసారి? అప్పుడు దానికి పుట్టి కొన్ని గంటలు. నోరు తెరిచి ఏవో అర్థంకాని శబ్దాలు చేస్తుంది, ఒక చెయ్యి ముందుకి చాస్తుంది. ‘నన్ను ఆపడానికేమో’ అని విక్టర్ అనుకుంటాడు, మెట్లు దిగి పారిపోతాడు. ‘ఏమైనా మాట్లాడిందేమో, నేను వినలేదు’ అని కూడా తనే ఒప్పుకుంటాడు. చెయ్యి చాచి, నవ్వి, మాటలు రాక శబ్దం చేసే ప్రాణిని మనం ఇళ్లలో ఏమంటాం? పసిపిల్ల అంటాం. చెప్పేవాడు దెయ్యంగా చూపించిన దాన్నే చదివేవాడు బిడ్డగా చూడగలిగేలా ఆ వాక్యం రాశారు. ఇలా ఒక్క పేరా చదవడం నేర్చుకుంటే గైడు అవసరం తీరిపోతుంది.

అదే ఐదో అధ్యాయంలో ఒక కల ఉంది: విక్టర్ ఎలిజబెత్‌ని ముద్దు పెట్టుకోగానే ఆమె, చనిపోయిన విక్టర్ తల్లి శవంగా మారుతుంది, గుడ్డల మడతల్లో పురుగులు. పెళ్లి రాత్రికి ఇది ముందస్తు సూచన. గైడులు దాన్ని ‘హారర్’ అని ఒక ముక్కలో తేల్చేస్తాయి. మీకు తెలుగు వచ్చు కాబట్టి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. రాబోయేదాన్ని తలచుకుని వణకడం వేరు, ఎదురుగా ఉన్నదాన్ని చూసి ఏవగించుకోవడం వేరు. మన అలంకారశాస్త్రంలో భయానకానికి భయం, బీభత్సానికి జుగుప్స స్థాయిభావాలని ఎప్పుడో విడదీశారు. ఇంగ్లిష్‌లో ఇలాంటి తేడానే గోథిక్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ ‘టెర్రర్’, ‘హారర్’ అని విడదీసింది. ఆ వ్యాసం ఆమె చనిపోయాక 1826లో అచ్చయింది. ఈ రెండు జతలూ పూర్తిగా ఒకటి కావు గానీ దగ్గరివి. ఐదో అధ్యాయంలో విక్టర్‌కి కలిగేది జుగుప్స. ‘నీ పెళ్లి రాత్రి నీతో ఉంటాను’ అన్న బెదిరింపు 20వ అధ్యాయంలో విన్నాక అతన్ని పట్టి పీడించేది భయం. పరీక్షలో రాడ్‌క్లిఫ్ పేరు ఒక వాక్యంలో చెప్పండి, రససిద్ధాంతం మీ అవగాహనకి ఉంచుకోండి. పేపరు దిద్దేవాళ్లకి అది నచ్చుతుందో లేదో ముందుగా చెప్పలేం.

ప్రకృతి వర్ణనల మీద ఎక్కువసేపు కూర్చోవద్దు. ఆల్ప్స్ పర్వతాలు, మంచు, ఉరుములు చూసి మనసు పెద్దదై, అదే సమయంలో తాను చిన్నవాణ్నని తోచడాన్ని ‘సబ్లైమ్’ అంటారు. ఎడ్మండ్ బర్క్ దీని మీద 1757లో రాశాడు. నవలలో గుర్తుంచుకోవలసింది ఇంతే: ఇలాంటి దృశ్యం చూసి విక్టర్ మనసు పొంగిన క్షణంలోనే ఆ ప్రాణి ఎదురవుతుంది. ప్లెన్‌పాలే దగ్గర తుఫానులో మెరుపు వెలుగులో ఒకసారి, మంచు మైదానం మీద ఇంకోసారి.

చదవడం మొదలుపెట్టే ముందు మీ చేతిలో ఏ కూర్పు ఉందో చూసుకోండి. మూడు సంపుటాలుగా, ప్రతి సంపుటంలో అధ్యాయాలు మళ్లీ ఒకటి నుంచి మొదలైతే అది 1818 పాఠం. ఉత్తరాల తర్వాత 24 అధ్యాయాలు వరసగా ఉండి, ముందు రచయిత్రి రాసిన పరిచయం ఉంటే 1831 పాఠం. నేను ఇక్కడ చెప్పిన అంకెలన్నీ 1831వి. ఇది చాదస్తం కాదు, జవాబు మారిపోతుంది. 1818లో ఎలిజబెత్ విక్టర్ మేనత్త కూతురు. 1831లో ఆమె ఇటలీలో పేదల ఇంట దొరికిన అనాథ పిల్ల, విక్టర్ తల్లి ఆమెని కొడుక్కి ‘అందమైన కానుక’ అని ఇస్తుంది. స్త్రీ పాత్రల ప్రశ్నకి ఆ ఒక్క మాట చాలా బలం. అలాగే రెండో అధ్యాయం చివర ‘విధి నా నాశనాన్ని ముందే రాసిపెట్టింది’ అనే ధోరణి 1831లో చేర్చింది. 1818 పుస్తకం పెట్టుకుని ‘విక్టర్ విధివంచితుడు’ అని గైడు వాక్యం రాస్తే దొరికిపోతారు. సిలబస్‌లో ఏ కూర్పో రాయకపోతే మేడమ్‌నో సార్‌నో అడగండి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో రెండూ ఉచితంగా దొరుకుతాయి.

ఆరు వారాలు సరిపోతాయా అంటే, సరిపోతాయి. నవల సుమారు 75 వేల పదాలు, అధ్యాయానికి సగటున మూడు వేల లోపు. రోజుకి రెండు అధ్యాయాలు, నాలుగు ఉత్తరాలకి ఒక రోజు, చివర వాల్టన్ భాగానికి ఒక రోజు అనుకుంటే రెండు వారాల్లో మొదటిసారి చదవడం అయిపోతుంది. ఈ మొదటి చదువులో డిక్షనరీ అతిగా తెరవకండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే: మొదటి ఉత్తరంలో ముప్పై మాటలు వెతికి, మూడో ఉత్తరానికి విసిగి గైడు పట్టుకుంటారు. అధ్యాయానికి ఐదు మాటలే వెతకాలని నియమం పెట్టుకోండి. కొన్ని మాటలు ముందే తెలుసుకుంటే చాలు: ‘కౌంటెనెన్స్’ అంటే ముఖం, ‘నేచురల్ ఫిలాసఫీ’ అంటే ఇప్పుడు మనం సైన్సు అనేది, ‘రెచ్’ అంటే దౌర్భాగ్యుడు. ఈ మూడోది విక్టర్ ఆ ప్రాణిని తిట్టడానికి వాడతాడు, తనని తాను అనుకోవడానికీ వాడతాడు. రెండో రకం కనబడ్డ చోటల్లా అంచున గుర్తు పెట్టండి.

ప్రతి అధ్యాయం అయ్యాక నోట్సులో మూడు గడుల్లో నాలుగేసి వరుసలు రాయండి: ఏం జరిగింది, ఎవరు ఎవరికి చెప్తున్నారు, చెప్పేవాడికి ఆ సంగతి ఎలా తెలిసింది. మూడో గడి విసుగ్గా అనిపిస్తుంది, కానీ అసలు సరుకు దానిలోనే ఉంటుంది. విక్టర్ ఇంట్లో పనిచేసే జస్టిన్ తను చెయ్యని హత్యని ఎందుకు ఒప్పుకుంది, ఆమె జేబులోకి ఆ లాకెట్టు ఎలా వచ్చింది అన్నవి రెండు వేర్వేరు అధ్యాయాల్లో ఇద్దరు వేర్వేరు మనుషులు చెప్తారు. మొదటిది ఎనిమిదిలో జస్టిన్ నోట, రెండోది పదహారులో ఆ ప్రాణి నోట. ఈ గడి నింపితేనే అది మీ కంటపడుతుంది.

మూడో వారంలో నవల మళ్లీ మొత్తం చదవకండి. 5, 10, 15, 20 అధ్యాయాలు, చివరి వాల్టన్ భాగం, ఇవి మాత్రం నెమ్మదిగా, రోజుకి కొంత చొప్పున రెండు వారాలు చదవండి. ఒక్కోదాన్నుంచి పది మాటలకి మించని ఉల్లేఖన ఒకటో రెండో కంఠస్థం చేయండి. పదో అధ్యాయంలో ‘నేను నీ ఆదామును కావలసినవాణ్ణి’ అనే మాట తప్పకుండా ఉండాలి. దాని వెనకున్న మిల్టన్ కావ్యం, ‘ప్యారడైజ్ లాస్ట్’, చదవక్కర్లేదు. ఆ ప్రాణి దాన్ని నిజమైన చరిత్ర అనుకుని చదివిందని, ఆదాము కంటే సైతాను తనకి దగ్గరివాడని తోచిందని 15వ అధ్యాయమే చెప్తుంది. 1818 కూర్పు ముఖపత్రం మీద ఉన్న మూడు పంక్తులు కూడా ఆ కావ్యంలోవే, ‘నన్ను మట్టిలోంచి మనిషిని చెయ్యమని నిన్ను అడిగానా’ అని ఆదాము సృష్టికర్తని నిలదీసే చోటు. మిగిలిన రెండు వారాలు జవాబులు రాయడానికే, చూడకుండా, గడియారం పెట్టుకుని.

రాసేటప్పుడు ఎక్కువగా దెబ్బతినే చోట్లు చెప్తాను. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది తయారుచేసినవాడి ఇంటిపేరు, ఆ ప్రాణికి నవలలో పేరే లేదు. 1823లో లండన్‌లో నాటకంగా వేసినప్పుడు కరపత్రంలో ఆ పాత్ర పేరు ఉండాల్సిన చోట గీతలు మాత్రమే వేశారు. విక్టర్ డాక్టరూ కాదు, జమీందారూ కాదు, విద్యార్థి. 1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర కవి బైరన్ దెయ్యాల కథల పందెం పెట్టడం, అప్పటికి మేరీకి 18 ఏళ్లు కావడం ఒక్క వాక్యంలో ముగించండి. దాంతో అరపేజీ నింపితే టెక్స్టు తెలియదన్న అనుమానమే బలపడుతుంది. ఆమె తల్లి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ ప్రసవమైన కొద్ది రోజులకే 1797లో చనిపోవడం కూడా అంతే: చెప్పొచ్చు, కానీ నవలలోని ఏదో ఒక వాక్యానికి ముడిపెట్టే చెప్పాలి.

జవాబు మొదటి వాక్యంలోనే మీ వాదన ఉండాలి. ‘గోథిక్ సాహిత్యం 18వ శతాబ్దంలో పుట్టింది’ అని మొదలుపెట్టొద్దు. ‘ఈ నవలలో భయం స్థలంలోంచి కాక చూపులోంచి పుడుతుంది, దానికి విరుగుడు వినడం’ అని మొదలుపెట్టి, పై కిటికీల్లో రెండు, డి లాసీ సన్నివేశం, విక్టర్ కాగితాలు దిద్దడం తీసుకోండి. ఒక్కోదానికి ఒక పేరా, పేరాలో ఒక ఉల్లేఖన, దానిలో ఒక మాట మీద రెండు వాక్యాలు. ఇరవై మార్కుల జవాబుకి ఇలాంటి పేరాలు నాలుగు చాలు. ఎనిమిది లక్షణాలూ చెప్పలేదే అని కంగారు పడొద్దు. ఈ నవలకి పనికిరాని లక్షణాన్ని పనికిరాదని, ఎందుకు రాదో ఒక వాక్యంలో చెప్పడం కూడా జవాబే.

సినిమా పరీక్ష అయ్యాక చూడండి. అందరి మనసులో ఉన్న బొమ్మ 1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమాది: ఎత్తైన బురుజు, మెరుపుల యంత్రాలు, గూని సహాయకుడు, మాట రాని రాక్షసుడు. నవలలో ఇవేవీ లేవు. ప్రాణం పోసే పద్ధతిని విక్టర్ కావాలనే చెప్పడు, ఐదో అధ్యాయంలో ‘నిప్పురవ్వ’ అన్న ఒక్క మాటతో దాటేస్తాడు. అన్నిటికంటే ముఖ్యంగా, నవలలో ఆ ప్రాణి మిల్టన్, ప్లూటార్క్, గొథే పుస్తకాలు చదివి లాయరులా వాదిస్తుంది. సినిమా ముందు చూస్తే 11 నుంచి 16 దాకా ఉన్న అధ్యాయాలు సాగదీసినట్టు తోచి పేజీలు తిప్పేస్తారు. మీ ప్రశ్నపత్రంలో సగం అక్కడినుంచే రావచ్చు.